సముద్రం ఆయనకి, అడవి నాకు... ఎక్కడికి వెళ్లమంటారు?

పేరు రాయొద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. ఆమె వయసు నలభై ఒకటి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారు. పదకొండేళ్ల బాబు ఉన్నాడు. అరవై ఏడేళ్ల అత్తగారు వాళ్లతోనే ఉంటారు. చాలా ఏళ్లకి ఈ ఆగస్టులో ఇద్దరికీ ఒకేసారి తొమ్మిది రోజుల సెలవు దొరికింది. ఉష్ణమండలంలో ఎక్కడికైనా, బీచ్, వర్షారణ్యం రెండూ ఉన్న చోటికి వెళ్దామని అనుకున్నారు. అనుకుని నాలుగు నెలలైంది. ఇంకా ఎక్కడికో తేలలేదు.

భర్తది రాత్రి షిఫ్టుల ఉద్యోగం. "ఇసుకలో పడుకుని కళ్లు మూసుకుంటే చాలు, నన్నెక్కడికీ తిప్పొద్దు" అంటారట. ఆయన మనసు థాయిలాండ్ పడమటి తీరంలోని ఖావో లాక్ మీద ఉంది. ఈమెకేమో చిన్నప్పటి నుంచీ వర్షారణ్యంలో నడవాలని కోరిక. కోస్టా రికాలోని కోర్కోవాడో అడవి గురించి ఏళ్ల తరబడి చదువుతున్నారు. బాబుకి కోతులు కావాలి. బోనులో ఉన్నవి కాదు, అడవిలో తిరిగేవి. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. "నన్నొదిలేసి మీరు ముగ్గురూ వెళ్లిరండి" అని ఆవిడ తేల్చేశారు. నోటుబుక్కులో ఇరవై మూడు పేర్లు చేరాయి. పోయిన వారం భర్త "నీ ఇష్టం, నువ్వెక్కడికంటే అక్కడికే" అని అటు తిరిగి పడుకున్నారట.

ఉత్తరం మధ్యలో ఇంకో వాక్యం ఉంది. మూడేళ్ల కిందట ఈమే వేసిన ప్రణాళికతో ఏడు రోజుల్లో ఆరు ఊళ్లు తిరిగి వచ్చారట. ఇంటి తాళం తీస్తూ భర్త "దీనికంటే ఆఫీసే నయం" అన్నారట. చివర్లో ఇలా అడిగారు: "ఒక్క పేరు చెప్పండి, బుక్ చేసేస్తాను. ఇంక నాకు ఓపిక లేదు."

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ తాళం తీసిన చోటే ఆగిపోయాను. దాని సంగతి తప్పకుండా మాట్లాడుకుందాం. దానికంటే ముందు మీ ఇంట్లో ఎవరూ పట్టించుకోని ఒక విషయం ఉంది. మీరు చోటు కోసం పోట్లాడుకుంటున్నారు గానీ ఆగస్టు నెలని లెక్కలోకి తీసుకోలేదు. దాన్ని తీసుకుంటే సగం గొడవ దానంతట అదే తీరుతుంది.

ఉష్ణమండలంలో ఏడాదంతా వెచ్చగానే ఉంటుంది. అందువల్ల ఎప్పుడైనా వెళ్లొచ్చని చాలామంది అనుకుంటారు. కానీ అక్కడ రుతువుల్ని మార్చేది ఎండ కాదు, గాలి. గాలి ఎటు నుంచి వీస్తే ఆ తీరం తడుస్తుంది. సముద్రం కల్లోలంగా ఉంటుంది. ఒకే దేశంలో ఒక తీరం మూతపడినప్పుడు రెండో తీరం హాయిగా ఉండొచ్చు. థాయిలాండ్ పడమటి తీరానికి మే నుంచి అక్టోబరు దాకా నైరుతి రుతుపవనాలు ఎదురుగా వచ్చి తగులుతాయి. ఖావో లాక్ నుంచి పడవలో వెళ్లే సిమిలాన్ దీవులని మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా సందర్శకులకి మూసేస్తారు. ఆగస్టులో అక్కడ హోటళ్లు తెరిచే ఉంటాయి, గదులు సులువుగా దొరుకుతాయి. కానీ నీళ్లలో దిగొద్దని ఎర్ర జెండాలు ఎగిరే రోజులు చాలానే ఉంటాయి. మీవారు కోరుకున్న నిశ్చలమైన సముద్రం ఆ నెలలో అక్కడ దొరకదు.

ఇక మీ కోర్కోవాడో. అది కోస్టా రికాలో పసిఫిక్ వైపున, ఓసా ద్వీపకల్పంలో ఉంది. ఆ వైపు పొడి కాలం డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా. ఆగస్టులో పొద్దున్న ఎండ కాసినా మధ్యాహ్నానికి కుండపోత మొదలవుతుంది. పైగా 2014 నుంచి గైడు లేకుండా ఆ పార్కులోకి అడుగు పెట్టనివ్వరు. లోపల బురద దారులు, వాగులు దాటడాలు, ఉక్కలో గంటల తరబడి నడక. మీ ఒక్కరికైతే అది కల నిజమైనట్టే. మీ అత్తగారికి మాత్రం మొదటి వాగు దగ్గరే ప్రయాణం ముగుస్తుంది. మీ జాబితాలో కరీబియన్ సముద్రంలోని డొమినికా కూడా ఉంది. అందమైన దీవే. కానీ అట్లాంటిక్ తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. 2017లో మరియా తుపాను ఆ దీవిని అత్యంత తీవ్రమైన అయిదో కేటగిరీ బలంతో ఊడ్చేసింది. ఒక్కసారి దొరికిన సెలవుని ఆగస్టులో అక్కడ పణంగా పెట్టమని నేను చెప్పలేను.

చూశారా, ఆయన కోరిన చోటునీ మీరు కోరిన చోటునీ ఆగస్టే కొట్టేసింది. మీలో ఎవరూ ఓడిపోలేదు. ఈ మాట ఆయనతో ఇలాగే చెప్పండి. "నువ్వు చెప్పింది కుదరదు" అనడం కంటే "ఇద్దరిదీ కుదరదట, మళ్లీ మొదటి నుంచి చూద్దాం" అనడం వేరుగా వినిపిస్తుంది.

ఇప్పుడు మీ ఇద్దరి ఊహలోనూ ఉన్న ఒక బొమ్మ గురించి చెప్పాలి. దట్టమైన పచ్చని కొండ, దాని కిందే అద్దంలా నీలంగా మెరిసే నీళ్లు. ఆ రెండూ ఒకే చోట దొరకడం అరుదు. దానికి కారణం వర్షారణ్యమే. ఏడాదికి రెండు వేల మిల్లీమీటర్లకి పైగా వాన పడితే ఆ నీళ్లు వాగులై, నదులై మట్టినీ కుళ్లిన ఆకులనీ మోసుకుంటూ సముద్రంలో కలుస్తాయి. పెద్ద నది కలిసే చోట నీళ్లు గోధుమ రంగులోనో, మసక ఆకుపచ్చలోనో ఉంటాయి. పగడాలకి మట్టీ మంచినీళ్లూ రెండూ పడవు. అవి నదులకి దూరంగా, తీరానికి అవతల బాగా పెరుగుతాయి. ఫొటోల్లో కనిపించే ఆ నీలం చాలావరకు నదులే లేని చిన్న పగడపు దీవులది. అక్కడ మీరు కోరుకునే అడవి ఉండదు. కాబట్టి మీ ముందు రెండు దారులున్నాయి. అడవి కిందే ఉన్న, కాస్త మసక నీళ్ల బీచ్‌తో సరిపెట్టుకుని ఒకే చోట ఉండిపోవడం. లేదంటే అడవికి ఒక మకాం, నీలం నీళ్లకి ఇంకో మకాం పెట్టుకోవడం. తొమ్మిది రోజుల్లో రెండు మకాములు కుదురుతాయి. మూడోది పెట్టారంటే మళ్లీ ఆ తాళం తీసిన రోజే.

అడవి గురించి కూడా ఒక మాట. ఇది మీ బాబు కోసం. నేను మొదటిసారి వర్షారణ్యంలో అడుగు పెట్టినప్పుడు రెండు గంటలు నడిచాను, ఒక్క జంతువు కూడా కంటపడలేదు. అరుపులు మాత్రం నలువైపులా వినిపించాయి. అక్కడ జీవమంతా ముప్పై నలభై మీటర్ల ఎత్తున కొమ్మల్లో ఉంటుంది. పై ఆకులు ఎండని ఎంతగా ఆపేస్తాయంటే, నేలని చేరే వెలుతురు నూటికి ఒకటి రెండు వంతులే. టీవీలో గంటలో చూపించేదాన్ని తీయడానికి వాళ్లు నెలలు కాచుకుని కూర్చుంటారు. బాబుకి ఇది ముందే చెబితే వాడు వినడం నేర్చుకుంటాడు. చెప్పకపోతే రెండో రోజుకే విసుగొస్తుంది. ఇంకో కిటుకు కూడా ఉంది. నడిచేవాళ్లకంటే పడవలో నదిమీద వెళ్లేవాళ్లకే జంతువులు ఎక్కువ కనిపిస్తాయి. నది దగ్గర అడవి తెరుచుకుంటుంది, నీళ్ల కోసం, పళ్ల కోసం జంతువులు అంచుకి వస్తాయి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు కూడా కూర్చునే చూడొచ్చు. ఈ ఒక్క సంగతితో మీ అత్తగారూ మీ అబ్బాయీ ఒకే పడవెక్కుతారు.

ఆగస్టుకి సరిపడేవి నాకు మూడు కనిపిస్తున్నాయి. మూడింటికీ మంచీ చెడూ చెబుతాను, తూచుకోవలసింది మీ నలుగురూ.

మొదటిది బోర్నియో దీవి ఉత్తరాన ఉన్న సబా. ఇది మలేసియాలో భాగం. ముఖ్య పట్టణం కోట కినబాలు ఎదురుగానే టుంకు అబ్దుల్ రహ్మాన్ పార్కు పేరుతో అయిదు చిన్న దీవులున్నాయి. రేవు నుంచి పడవలో పావుగంట, ఇరవై నిమిషాలు. పొద్దున్న వెళ్లి ఇసుకలో పడుకుని సాయంత్రానికి గదికి వచ్చేయొచ్చు. అక్కడి నుంచి సండకాన్‌కి విమానంలో గంట లోపే. దాని పక్కనే సెపిలోక్. అక్కడ 1964 నుంచి తల్లిని పోగొట్టుకున్న ఒరాంగుటాన్ (తోకలేని పెద్ద వానరం) పిల్లల్ని సాకి మళ్లీ అడవికి అలవాటు చేస్తున్నారు. చెక్క వంతెనల మీద నడిచి చూడొచ్చు కాబట్టి బురద బాధ లేదు. ఇంకో రెండు మూడు గంటలు రోడ్డు మీద వెళితే కినబాటాంగన్ నది. పొడవాటి ముక్కు కోతులు, అంటే ప్రొబోసిస్ కోతులు, ప్రపంచంలో బోర్నియోలో తప్ప ఎక్కడా లేవు. అవి సాయంత్రమయ్యేసరికి నిద్రకోసం నది ఒడ్డు చెట్ల మీదికి గుంపులుగా చేరతాయి. పడవ ఇంజను ఆపేసి వాటి కింద నిలబడితే అవి కొమ్మ నుంచి కొమ్మకి దూకే చప్పుడు వినిపిస్తుంది. మీ బాబు అడిగింది అచ్చం ఇదే.

ఇక చెడు. రెండు మకాములు, మధ్యలో ఒక విమానం, ఒక రోడ్డు ప్రయాణం. మీవారికి ఆ ఒక్కరోజు కష్టంగానే ఉంటుంది. సబాలో మకాక్ కోతుల నుంచి దోమల ద్వారా మనుషులకి సోకే ఒక రకం మలేరియా ఉంది. ప్రయాణానికి నెల ముందే డాక్టర్ని కలిసి మాత్రల విషయం తేల్చుకోవాలి. ఒక నిజం కూడా దాచకుండా చెబుతాను. కినబాటాంగన్ ఒడ్డున అన్ని జంతువులు కనబడటానికి ఒక కారణం, ఆ వెనకాల అడవి కొట్టేసి పామాయిల్ తోటలు వేయడం. మిగిలిన సన్నటి పట్టీలో అవన్నీ సర్దుకుని బతుకుతున్నాయి. రోడ్డు మీద గంటలకొద్దీ ఆ తోటలే కనిపిస్తాయి. చిన్నప్పటి నుంచి అడవి కోసం తపించిన మీకు ఆ దారి కాస్త దుఃఖం కలిగిస్తుంది. తెలిసి వెళ్లడమే మంచిదని రాస్తున్నాను.

రెండోది ఆస్ట్రేలియా ఈశాన్య తీరం. కెయిర్న్స్ నుంచి పోర్ట్ డగ్లస్ మీదుగా కేప్ ట్రిబ్యులేషన్ దాకా. యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో 1981లో చేరిన గ్రేట్ బారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బల వరస, 1988లో చేరిన అక్కడి ఉష్ణమండల అడవులు, రెండూ ఈ తీరంలో ఒకదాన్నొకటి తాకుతాయి. ఆ అడవుల్లో డెయిన్‌ట్రీ పేరు మీరు చదివే ఉంటారు. ప్రపంచంలోని అతి ప్రాచీనమైన వర్షారణ్యాల్లో ఒకటి. ఆగస్టు అక్కడ పొడి కాలం. పగలు ఇరవై ఆరు డిగ్రీల దాకా, ఉక్క లేని ఎండ. ప్రాణం తీసే బాక్స్ జెల్లీఫిష్‌ల బెడద ఎక్కువగా నవంబరు నుంచి మే వరకు, కాబట్టి ఆగస్టులో ఆ భయం తక్కువ. మీ అత్తగారికి మూడింటిలోనూ ఇదే సుఖం. కెయిర్న్స్ దగ్గర ఏడున్నర కిలోమీటర్ల కేబుల్ కారు చెట్ల తలల మీదుగా కురాండా ఊరి దాకా వెళుతుంది. మధ్యలో దిగి చెక్క బాటల మీద కాసేపు నడిచి మళ్లీ ఎక్కొచ్చు. మోస్‌మన్ గార్జ్ దగ్గర బస్సులో అడవి అంచుదాకా తీసుకెళతారు. వైద్యం, రోడ్లు, శుభ్రమైన నీళ్లు, దేనికీ వెతుక్కోనక్కర్లేదు.

అయితే అక్కడ కోతులు లేవు. ఆస్ట్రేలియా అడవుల్లో ఎక్కడా లేవు. బాబుకి బదులుగా మనిషంత ఎత్తుండే కాసోవరీ పక్షి, డెయిన్‌ట్రీ నదిలో పడవ మీంచి చూసే మొసళ్లు దొరుకుతాయి. అది వాడికి సరిపోతుందో లేదో వాణ్నే అడగండి. ఆ మొసళ్ల వల్లే కేప్ ట్రిబ్యులేషన్ బీచ్ నడవడానికి అద్భుతంగా ఉన్నా నిశ్చింతగా ఈదడానికి పనికిరాదు. వాగులు సముద్రంలో కలిసే చోటికి అసలు వెళ్లకూడదు. మీవారు పడుకోవడానికి పోర్ట్ డగ్లస్‌లోని ఫోర్ మైల్ బీచ్ బాగుంటుంది, ఈతకి మాత్రం లైఫ్‌గార్డులు జెండాలు పాతిన చోటే దిగాలి. పగడాల దగ్గరికి పెద్ద పడవలో గంటన్నర పడుతుంది, గాలి ఉంటే కడుపులో తిప్పుతుంది. ఆగస్టు అక్కడ రద్దీ కాలం, ఆలస్యం చేస్తే మంచి గదులు పోతాయి. నీళ్లు కూడా మీరనుకునేంత వెచ్చగా ఉండవు.

మూడోది టియోమాన్. మలేసియా తూర్పు తీరానికి అవతల ఉన్న దీవి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈశాన్య రుతుపవనాల్లో అది దాదాపు మూతపడుతుంది. ఆగస్టులో మాత్రం సముద్రం నెమ్మదిగా ఉంటుంది. ముందు బీచ్, వెనకే వెయ్యి మీటర్లు దాటిన కొండ, దాని నిండా వర్షారణ్యం. నదులు చిన్నవి కావడంతో పగడాలు ఒడ్డుకి దగ్గర్లోనే ఉన్నాయి. ఇందాక అరుదన్న ఆ బొమ్మకి ఆగస్టులో చాలా దగ్గరగా వచ్చే చోటు ఇది. టెకెక్ ఊరి నుంచి జువారా ఊరికి అడవిలోంచి నిట్టనిలువు కాలిబాట ఉంది. పొద్దున్నే మీరు బయల్దేరితే ఆ నడక మీదే, కావాలంటే తిరుగుదారిలో జీపు ఎక్కొచ్చు. అప్పటికి మీవారు నిద్ర కూడా లేవరు. ఒకే మకాం, ఒకే గది, బట్టలు ఒక్కసారే సర్దుకోవడం. సెలవు అనే మాటకి ఇంతకంటే దగ్గరగా వచ్చేది ఈ మూడింట్లో లేదు.

కానీ మెర్సింగ్ రేవు నుంచి పడవలో దాదాపు రెండు గంటలు పడుతుంది, అలలు ఉంటే కుదుపులు తప్పవు. ఊరి నుంచి ఊరికి ఎక్కువగా పడవలే, రేవుల దగ్గర మెట్లు ఎక్కి దిగాలి. వైద్యం అంటే చిన్న ఆస్పత్రే, పెద్ద అవసరం వస్తే ఒడ్డుకి చేరాల్సిందే. మీ అత్తగారి మోకాళ్ల స్థితి నాకు తెలియదు, మీకు తెలుసు. అక్కడ మకాక్ కోతులు, పెద్ద ఉడుములు ఉంటాయి గానీ ఒరాంగుటాన్ లాంటివి ఆశించకూడదు.

మీరు ఒక్క పేరు అడిగారు కాబట్టి నా మొగ్గు దాచను. మీ అత్తగారు వస్తే సబా. ఆవిడ నిజంగా రాకూడదనుకుంటే టియోమాన్. ఆస్ట్రేలియా అన్నిటికంటే సులువైన చోటు, కానీ మీ ఉత్తరంలో బాబు కోతుల గురించి మూడుసార్లు రాశారు, అందుకే వెనక్కి పెట్టాను. మీరు ఇంకోలా తూచితే నాకేం అభ్యంతరం లేదు.

నాలుగో దారి కూడా ఉంది, సెలవునే జనవరికో ఫిబ్రవరికో జరుపుకోవడం. అప్పుడు మీవారి ఖావో లాక్ సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. అక్కడి నుంచి రోడ్డు మీద కొద్ది గంటల్లోనే ఖావో సోక్ అడవి, అందులో సున్నపురాయి కొండల మధ్య పెద్ద సరస్సు. మీ కోస్టా రికా కూడా అప్పుడు పొడిగా ఉంటుంది. కోర్కోవాడో కాకపోయినా మాన్యుయెల్ ఆంటోనియో అనే చిన్న పార్కు ఉంది. అడవి దారి నేరుగా బీచ్ మీదికి తేలుతుంది, తెల్లముఖం కోతులు, కొమ్మలకి వేలాడుతూ మెల్లగా కదిలే స్లాత్‌లు దారిపక్క చెట్లమీదే ఉంటాయి. టికెట్టు ముందే తీసుకోవాలి, మంగళవారం మూసి ఉంటుంది. అయితే బాబు బడి, మీ ఇద్దరి ఆఫీసులు మళ్లీ ఒకేసారి ఒప్పుకోవాలి. ఇన్నేళ్లకి దొరికిన సెలవుని "తర్వాత" అనే మాటకి అప్పజెప్పడం నాకైతే భయంగా ఉంటుంది.

ఇప్పుడు ఆ తాళం తీసిన రోజు దగ్గరికి వద్దాం.

"దీనికంటే ఆఫీసే నయం" అన్నమాట మిమ్మల్ని ఎంత గాయపరిచిందో ఉత్తరంలో మీరు రాయలేదు. రాయకపోవడంలోనే తెలుస్తోంది. టికెట్లు, గదులు, మందులు, పిల్లాడి బట్టలు, అన్నీ మీరొక్కరే చూసుకుని ఉంటారు. ఆ కష్టానికి ఆ మాట న్యాయం కాదు. మరోవైపు, రాత్రిళ్లు పనిచేసే మనిషి ఒంట్లో నిద్ర ఎంత బాకీ పడుతుందో కూడా చూడాలి. ఏడు రోజుల్లో ఆరు ఊళ్లంటే ఆయనకి ఆరు అలారాలు. ఆయన "నీ ఇష్టం" అన్నది ఒప్పుకోలు కాదని నాకనిపిస్తోంది. ఇంకోసారి అలాగే జరుగుతుందన్న భయంతో ముందే వదులుకున్న మాటలా ఉంది. ఇది నా ఊహ, తప్పై ఉండొచ్చు. ఆయన్ని అడిగే ధైర్యం మీరే చేయాలి.

అడగడానికి ఒక పద్ధతి చెబుతాను. దేశాల పేర్లు, ఆ నోటుబుక్కు, రెండూ పక్కన పెట్టండి. నలుగురూ తలో కాగితం తీసుకుని సెలవులో ఒక్క రోజు ఎలా గడవాలనుకుంటున్నారో లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా రాయండి. ఎన్నింటికి లేస్తారు, ఎంతసేపు నడుస్తారు, ఎవరితో ఉంటారు, ఎప్పుడు ఒంటరిగా ఉంటారు. మీవారి కాగితంలో పది గంటల దాకా నిద్ర ఉంటుందని నేను పందెం కాస్తాను. మీ కాగితంలో తెల్లవారుజామున అడవి ఉంటుంది. నిజానికి ఆ రెండూ కొట్టుకోవు. భూమధ్యరేఖ దగ్గర ఏడాది పొడవునా సూర్యుడు ఆరింటి ప్రాంతంలోనే ఉదయించి ఆరింటి ప్రాంతంలోనే అస్తమిస్తాడు. అడవి మేలుకునేది ఆ మొదటి రెండు గంటల్లోనే. ఎనిమిదిన్నర దాటితే పక్షులు కూడా నీడ చూసుకుంటాయి. అయిదున్నరకి మీరు, బాబు, ఒక గైడు బయల్దేరి తొమ్మిదింటికి తిరిగొస్తే ఆయన అప్పుడే కళ్లు తెరుస్తారు. ఒకే సెలవుకి వెళ్లినంత మాత్రాన ప్రతి గంటా నలుగురూ ఒకే చోట ఉండాలని ఎవరూ రాసిపెట్టలేదు.

సబా అనుకుంటే ఇంకో మార్పు సూచిస్తాను. సాధారణంగా అడవి ముందు, సముద్రం తర్వాత పెట్టుకోమంటారు, అలసిపోయాక సేద తీరొచ్చని. మీ ఇంట్లో దాన్ని తిరగెయ్యండి. మొదటి నాలుగు రోజులు సముద్రం దగ్గర, ఏ కార్యక్రమమూ లేకుండా. ఆయన నిద్ర బాకీ తీరనివ్వండి. అయిదో రోజు నదికి బయల్దేరేటప్పుడు మీ పక్కన కూర్చునే మనిషి మీరు మూడేళ్లుగా చూడని మనిషి అయ్యే అవకాశం ఉంది. తప్పకుండా అవుతారని మాటివ్వలేను. ముందు అడవి పెట్టుకుంటే మాత్రం ఆ ప్రయాణంలో మళ్లీ అలిసిన మనిషే మీ పక్కన ఉంటారు.

అత్తగారి "నన్నొదిలేయండి" లో కూడా రెండు అర్థాలుండొచ్చు. ఒకటి, మీకు బరువు కాకూడదని. రెండోది, ఆవిడకి నిజంగానే ఇంట్లో ప్రశాంతంగా ఉండాలని. "రండి అత్తయ్యా" అని బతిమాలితే ఏదో ఎప్పటికీ తెలీదు. దానికి బదులు వివరాలు అడగండి. ఎన్ని మెట్లు ఎక్కగలరు, ఎంతసేపు కూర్చోగలరు, పడవలో కూర్చుని కోతుల్ని చూడటమంటే సరదాయేనా అని. బరువు కాకూడదని అన్నావిడైతే ఆ వివరాల్లోకి దిగుతారు. వద్దనుకున్నావిడైతే మళ్లీ వద్దే అంటారు, అప్పుడు ఆ మాటని గౌరవించి ఆవిడకి తోడు ఏర్పాటు చేసి వెళ్లండి. ఈ సంభాషణ మీకంటే ఆవిడ కొడుకు చేస్తే మంచిది. "వస్తే బాగుండు అమ్మా" అనే మాట ఆయన నోటి నుంచి రావాలి.

ఆవిడ వస్తే బయల్దేరేముందు డాక్టరుకి చూపించండి, విమానంలో గంటకోసారి కాస్త లేచి నడిచేలా చూడండి, ఉన్న జబ్బులకి కూడా వర్తించే ప్రయాణ బీమా తీసుకోండి. ఎప్పుడైనా దక్షిణ అమెరికా, ఆఫ్రికా వైపు మళ్లితే ఎల్లో ఫీవర్ టీకా సంగతి వస్తుంది. అరవై దాటాక మొదటిసారి వేయించుకునేవాళ్లలో దాని దుష్ఫలితాల ప్రమాదం ఎక్కువ, డాక్టరు చెప్పకుండా వేయించకండి.

నలుగురికీ పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. డెంగీ దోమ పగలు కుడుతుంది, మలేరియా దోమ రాత్రి కుడుతుంది, కాబట్టి రెండు పూటలా మందు రాసుకోవాలి. జలగలు భయపెడతాయి గానీ జబ్బేమీ అంటించవు, బిగుతైన పొడవు మేజోళ్లు చాలు. బట్టలు ఆరవు, జీన్స్ అసలు వద్దు. సముద్రంలో వెనక్కి లాగే ప్రవాహంలో చిక్కుకుంటే ఒడ్డువైపు ఈదుతూ అలిసిపోకుండా ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి. ఇది బాబుకి వెళ్లే ముందే నేర్పండి, మీరూ నేర్చుకోండి.

ఈసారి బుకింగ్ మీరొక్కరే చెయ్యకండి. మీవారు విమానాలు చూస్తే మీరు గదులు చూడండి. ఆయన తీసుకున్న టైము మీకు నచ్చకపోవచ్చు, మార్చమని అడగాలనిపిస్తుంది. ఆపుకోండి. మిమ్మల్ని ఇంత నలిపేసింది ఆ బరువంతా మీ ఒక్కరి మీదే ఉండటమని నాకు అనిపిస్తోంది.

మీ కోర్కోవాడో ఎక్కడికీ పోదు. దాన్ని ఈ తొమ్మిది రోజుల్లో ఇరికించకండి. ఏదో ఒక ఫిబ్రవరిలో మీరొక్కరే, లేదా మీలాగే అడవంటే ప్రాణం పెట్టే స్నేహితురాలితో, నాలుగు రోజులు వెళ్లి రావచ్చు. ఆ మాట ఇప్పుడే ఇంట్లో చెప్పి ఉంచండి.

ఈ వారంలో కాగితాల పని కానివ్వండి. చోటు తేలకముందే కొనాల్సింది ఒకటుంది, బాబుకి ఒక మంచి బైనాక్యులర్స్. ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది చాలు, అంతకంటే ఎక్కువైతే వాడి చేతుల్లో బొమ్మ వణుకుతుంది. రోజూ పొద్దున్న కాసేపు కిటికీలోంచి చెట్లమీద పిట్టల్ని వెతకడం అలవాటు చేయించండి. ఆకుల మధ్య కదలికని పట్టుకోవడానికి కంటికి కొన్ని వారాలు పడుతుంది.